ఫోన్ రావలసిన ఇల్లు

మొన్న మంచిర్యాల నుంచి బస్సులో వస్తుంటే నా వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు వాదించుకుంటున్నారు. ఒకామె బీమా ఏజెంటు అని మాటలను బట్టి తెలిసింది. రెండో ఆమె కొడుకు మస్కట్ పోతున్నాడట. పోయే ముందు బీమా చేయించమని ఏజెంటు అంటుంటే, ప్రయాణం పెట్టుకున్న పిల్లగానికి ఆ చావు మాట ఎందుకని తల్లి అంటున్నది. బస్సు గోదావరి వంతెన దాటేదాకా ఇదే గొడవ. ఆఖరికి ఆ తల్లి, "పొయ్యేటోనికి ఎదురుంగ పిల్లిని తోలినట్టున్నది నీ బీమా" అన్నది. నాకు నవ్వొచ్చింది. ఈ మాట విని ఊరుకోలేని మనిషి ఒకరు నాకు తెలుసు. ఆమె ఆ బస్సులో ఉంటే వెనక్కి తిరిగి, కళ్ళజోడు పైనుంచి చూసి, "గొడుగు కొన్నందుకు వాన పడదండీ" అనేది. అని మళ్ళీ ముందుకు తిరిగి కూర్చునేది. ఎవరు ఏమనుకున్నారో చూసేది కాదు.

ఆమె ఇప్పుడు లేదు. ఉన్నప్పుడు గోదావరిఖనిలో మా ఇంట్లోనే పక్క పోర్షన్‌లో చాలా ఏండ్లు అద్దెకుంది. యూనివర్సిటీ వాళ్ళ కాలేజీలో రాళ్ళ చదువు చెప్పేది. దాన్ని భూగర్భశాస్త్రం అంటారని నాకు తర్వాత తెలిసింది. మా గల్లీకి మాత్రం ఆమె మొదటినుంచీ రాళ్ళ మేడమే. ఆమె గూట్లో దేవుడి పటాలు ఉండవలసిన చోట రాళ్ళుండేవి. కొత్త రాయి దొరికితే ముందు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసేది, తర్వాత నాలుక కొసతో తాకించేది. మొదటిసారి చూసినప్పుడు, ఒంట్లో నెత్తురు లేక మట్టి తింటున్నదేమోనని అనుకొని ఇంత బెల్లం తీసుకుపోయి ఇచ్చాను. ఆమె బెల్లం తిని, "దీనికంటే ఆ రాయే కొంచెం ఉప్పగా బాగుంది" అన్నది. మెడలో చిన్న భూతద్దం తాడుకు కట్టుకొని తిరిగేది. చాలామంది ఆడవాళ్ళు మంగళసూత్రం సర్దుకున్నట్టు ఆమె ఆ భూతద్దం సర్దుకునేది. పెండ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇంకో వింత కూడా ఉంది. ఆమె ఎవరినీ వరస పెట్టి పిలిచేది కాదు. మా దగ్గర పాలు పోసే మనిషి కాక, కూరగాయల గంప దించే ముసలామె అవ్వ, ఆటో నడిపే పిల్లగాడు తమ్ముడు. చుట్టరికం లేని మనిషితో బేరం కూడా చెయ్యలేం. ఆమెది ఖమ్మం అవతల ఏదో ఊరు. అక్కడ కూడా వరసలు ఉండే ఉంటాయి. కానీ ఆమె నోట అందరికీ ఒకటే మాట, "ఏమండీ." పాలాయనకు ఏమండీ, నాకు ఏమండీ, నా భర్తకు ఏమండీ. మా ఇంటి ముందు నిలబడి ఆమె పిలిస్తే ఇద్దరం ఒకేసారి పలికేవాళ్ళం. పక్కింటి రజియా దాన్ని పట్టుకొని నన్ను ఏడిపించేది. "నీ మొగన్ని నువ్వు ఒక్కనాడన్న ఏమండీ అన్నవా? చూడు, ఆమె అంటుంటే ఎట్ల పలుకుతుండో" అనేది. నా భర్త తల దించుకొని సైకిల్ తుడిచేవాడు.

ఆమె మొదటిసారి విదేశం పోతున్నానని చెప్పింది ఒక ఆదివారం మా అరుగు మీద కూర్చున్నప్పుడు. దక్షిణాఫ్రికాలో సభ అట, బొగ్గు పొరల గురించి అక్కడివాళ్ళ ముందు మాట్లాడాలట. నేను తిండి సంగతి అడిగాను. రజియా విమానంలో భయం కాదా అని అడిగింది. నా భర్త అప్పుడు గనిలో పనిచేసేవాడు. ఆయన అడిగింది వేరు.

"మస్టర్ పడ్డదా మేడం?"

ఆమెకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పాడు. గని మనిషి పొద్దున పోయి హాజరు వేయించుకుంటే మస్టర్ పడ్డట్టు. ఆ తర్వాత చెయ్యి విరిగినా కాలు విరిగినా డ్యూటీలో జరిగినట్టు లెక్క. గేటు బయట, మస్టర్ పడకముందు జరిగితే వాని కర్మ. ఆమె పోయేది కాలేజీ పని కిందికి వస్తుందా, సొంత సెలవు కిందికి వస్తుందా అని ఆయన అడిగేది.

ఆమె మొహం వెలిగింది. "నెల నుంచి మా ఆఫీసులో ఇదే అడుగుతున్నానండీ. అడగడానికి నాకు పేజీ నిండా రాయాల్సి వచ్చింది. మీకు రెండు మాటల్లో అయిపోయింది" అన్నది. యూనివర్సిటీలో ఏమో పిలిచినవాళ్ళే అన్నీ చూసుకుంటారని చెప్పారట. పిలిచినవాళ్ళేమో పంపేవాళ్ళే చూసుకోవాలని రాశారట. "ఇద్దరూ మర్యాదస్తులే. మధ్యలో నేను కిందపడితే రెంటికీ చెడ్డ రేవడిని" అన్నది. బస్సెక్కి యూనివర్సిటీకి పోవడం, రావడం, మళ్ళీ పోవడం. ఒక సాయంత్రం గేటు తీస్తూనే నా భర్తను చూసి, "మస్టర్ పడ్డది" అన్నది. ఆ మాట ఆమె నోటికి కొత్త చెప్పుల్లా కొంచెం కిర్రుమన్నది. తర్వాత ప్రతి ప్రయాణానికీ ఆ మాటే. టికెట్ వచ్చినందుకు కాదు, వీసా వచ్చినందుకు కాదు, డ్యూటీ మీద పోతున్నట్టు ఆర్డరు వచ్చిననాడు పల్లి పట్టీలు తెచ్చి గల్లీలో పంచేది.

బీమా ఏజెంటు వచ్చిన రోజు నాకు ఇంకా బాగా గుర్తుంది. ఆయనకు నేను చాయ్ ఇచ్చాను. చాయ్ చల్లారిపోయింది గానీ ఆమె చదవడం అయిపోలేదు. కాగితం వెనక చీమల బారులాంటి అక్షరాలుంటాయి కదా, అవి ఎవరూ చదవరు. ఆమె మెడలోని భూతద్దం తీసి, రాయిని చూసినట్టే ఒక్కొక్క వరుస చూసుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది. భూమి లోపలికి దిగితే ఆ బీమా వర్తించదని అక్కడ ఉందట. ఏజెంటు నవ్వాడు. సభకు పోయేవాళ్ళు గనిలోకి ఎందుకు దిగుతారన్నాడు.

"నేను పోయేదే దిగడానికి" అన్నది ఆమె.

ఆ మాట అన్న తీరు చూసి ఏజెంటు చాయ్ కప్పు చేతిలోకి తీసుకున్నాడు. ఇక్కడ ఆడవాళ్ళు గనిలోకి దిగే రివాజు లేదు. బొగ్గు గురించి తల నెరిసేదాకా పాఠం చెప్పినా, ఆమె బొగ్గును చూసింది లారీల్లో, వ్యాగన్లలో, కాలేజీ బల్ల మీద. "దాని ఇంట్లో దాన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదండీ" అన్నది నాతో, ఏజెంటు పోయాక. ఆ దేశంలో దిగనిస్తారట. అందుకని దిగినా వర్తించే బీమా దొరికేదాకా ఆమె టికెట్ కొనలేదు. కాలేజీలో కొందరు చావు భయం అని నవ్వుకున్నారని ఆమే చెప్పింది. నా భర్త మాత్రం నవ్వలేదు. భయం లేని మనిషిని పక్కన పెట్టుకొని గనిలో పనిచెయ్యడం కష్టం అన్నాడు.

అదే రోజు ఇంకోటి జరిగింది. ఆమెకు బీపీ ఉంది. అది రాయకండి మేడం, రాస్తే ఎక్కువ కట్టాల్సి వస్తుంది, ఎవరు చూడొచ్చారు అన్నాడు ఏజెంటు. నేను కూడా ఆయన పక్షమే. గనిని మేం బొగ్గు బాయి అంటాం. బొగ్గు బాయి వాళ్ళకు రోగం ఒంట్లో ఒకటి, కాగితం మీద ఒకటి. నౌకరి నిలవాలనుకున్ననాడు దగ్గు కూడా మింగి డాక్టరు ముందు నిలబడతారు. పనికి రాడని డాక్టరు రాస్తే ఆ నౌకరి కొడుకుకు వస్తుంది కాబట్టి, అట్లా ఇప్పించాలనుకున్ననాడు లేని ఆయాసం తెచ్చుకుంటారు. ఉన్న రోగం ఉన్నట్టు చెప్పడం మాకు తెలియని విద్య. ఆమె బీపీ రాసింది, గోలీ పేరు రాసింది. "ఇప్పుడు దాస్తే నేను మంచం మీద ఉన్నప్పుడు బయటపడుతుంది. అప్పుడు వాదించడానికి నోరు లేవదు" అన్నది.

తర్వాత ఆమె నన్ను అడిగింది. తనకేమన్నా అయితే ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలో రాయాలట, మీ నంబరు రాయనా అని. మా ఇంట్లో టీవీ మీద, అల్లిక గుడ్డ కప్పుకొని ఒక ఫోన్ ఉండేది. హైదరాబాద్‌లో వాళ్ళ అన్న ఉన్నాడు కదా అన్నాను. గనిలో దిగుతున్నానని తెలిస్తే ఆయన విమానమే ఎక్కనివ్వడని చెప్పింది. సరే రాయండి అన్నాను. మనిషి మీద మనిషి పెట్టే బరువు అదని అప్పుడు నాకు తెలియదు.

ఈ సంగతి గల్లీలోకి వేరే రకంగా పోయింది. బొగ్గు బాయి దగ్గర కాగితంలో ఒకరి పేరు రాయడం అంటే ఒకటే అర్థం, ఆ మనిషి పోతే వీళ్ళకు నౌకరి వస్తుందని. మేడం పేరు మీద నేను ఎక్కాను కాబట్టి ఆమెకేమన్నా అయితే కాలేజీ నౌకరి నాదే అని రజియా లెక్క కట్టింది. "ఇగ నువ్వు ప్రొఫెసరమ్మవే. మాకేమన్న సీట్లు ఇప్పియ్యి" అనేది. నేను నవ్వినా లోపల బెదిరాను. నిజంగానే అట్లా ఉంటుందా అని నా భర్తను అడిగాను. ఆయన కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టి, "రాళ్ళు చదువుడు నీతోని కాదు గని, రాళ్ళు మోసుడైతే ఇస్తరు" అన్నాడు.

అసలు బెదురు వేరే ఉంది. ఫోనొస్తే చెప్పవలసినవన్నీ తెలుగులో రాసి ఆమె ఇచ్చిన కాగితం నేను చదవలేను. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు. కాగితం తలకిందులుగా పట్టుకున్నప్పుడు తెలిసింది. ఆమె దాన్ని తిరిగి తీసుకొని నా భర్తకు ఇవ్వబోయింది. "ఆయన బాయిల దిగినంక ఫోన్ ఎవరెత్తాలె?" అన్నాను. ఎందుకట్లా అన్నానో గానీ, ఆ వారమే మా వాడకట్టులో మధ్యాహ్నం పూట నడిచే చదువు కేంద్రానికి పోయి కూర్చున్నాను. నాకంటే చిన్న ఆడపిల్ల అక్షరాలు దిద్దించేది. మేడం నాకు చదువు చెప్పలేదు, చెప్పే ఓపిక ఆమెకు లేదు కూడా. కానీ రెండో ప్రయాణం నాటికి ఆ కాగితంలో ఏ వరుస దేనిదో నాకు తెలిసింది.

ప్రయాణం ముందు ఆమె నాకు పాఠం అప్పజెప్పించేది. ఫోనొస్తే ముందు మాట్లాడేది ఎవరో అడగాలి. తర్వాత తనున్న ఊరు, దవాఖాన పేరు. తర్వాత తను మాట్లాడగలదా లేదా. బీమా నంబరు నెమ్మదిగా చెప్పాలి. "ఏడుపు ఆఖరిది" అనేది. నవ్వకుండా అనేది. పాస్‌పోర్టు నకలు ఒకటి, ఆ కాగితం మా బియ్యం డబ్బాలో ఉండేవి. గోలీలు అట్టలతో సహా, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకునేది, పెద్ద పెట్టెలో వేసేది కాదు. ఉద్యమం రోజుల్లో బస్సులు ఎప్పుడు ఆగుతాయో తెలియదని ఒకరోజు ముందే హైదరాబాద్ పోయి కూర్చునేది. ఇంకొకరి మూట మాత్రం ముట్టేది కాదు. రజియా తమ్ముడు దుబాయ్‌లో ఉండేవాడు. విమానం ఎట్లాగూ దుబాయ్‌లో ఆగుతుంది కదా, ఈ మామిడికాయ తొక్కు కాస్త వానికి అందించమని రజియా సీసా పట్టుకొచ్చింది. "నేను కట్టని మూట నేను మోయను" అన్నది మేడం. విమానాశ్రయం మన బస్టాండు లెక్క కాదని చెప్పినా రజియా వినలేదు. వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆ తొక్కు మేడమే కొనుక్కొని తిన్నది.

ఆమె విమానం దిగగానే మా ఇంటికి ఫోన్ చేసేది. ఒక్క మాటే చెప్పేది, ఎక్కువ మాట్లాడితే ఖర్చని. మొదటిసారి ఆ మాట విని నా గుండె జారింది. "దిగిన" అన్నది. ఆ మాట ఆమె నోట మా యాసలో రావడం అదే మొదలు. కానీ నా చెవికి అది వేరే మాట. గని మనిషి పెండ్లానికి దిగిండు అంటే కిందికి పోయిండు, ఇంక షిఫ్టు అయ్యేదాకా పాణం పిడికిట్లో పెట్టుకోవాలి. ఎక్కిండు అంటే పైకి వచ్చిండు, అన్నం వండొచ్చు. ఆమె తిరిగొచ్చాక ఈ సంగతి చెప్పాను. విమానం వాళ్ళకు ఎక్కడమే భయం, దిగడమే క్షేమం అని ఆమె చాలాసేపు నవ్వింది. నవ్వి, "మీ ఇంటికి ఫోన్ చేస్తున్నాను కాబట్టి మీ లెక్కే" అన్నది. అప్పటినుంచి ఏ దేశంలో కాలు పెట్టినా ఫోన్‌లో, "పైకొచ్చిన" అనేది. ఆ మాట విని నేను పొయ్యి ముట్టించేదాన్ని.

పోలండ్ పోయిన చలికాలం అట్లాగే పైకొచ్చిన అన్నది. రెండు రోజులకు మళ్ళీ ఫోన్ చేసి, అంతకుముందు ప్రయాణాల్లో కుదరనిది ఈసారి కుదిరిందని, గనిలోకి పోయి వచ్చానని, బొగ్గు చూశానని చెప్పింది. ఖర్చు సంగతి మరిచి చాలాసేపు మాట్లాడింది. గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉందట. నా భర్త ఫోన్ తీసుకొని, "ఎరుకే మేడం" అన్నాడు. అంతే అన్నాడు గానీ ఆయన కండ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆయన పని గురించి అంత మురిపెంగా మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు.

ఆ తర్వాతి ఫోన్ మధ్యాహ్నం పూట వచ్చింది. నేను నూకలు చెరుగుతున్నాను. నా భర్త రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాడు. ఆడపిల్ల గొంతు, హిందీ. బీమా కంపెనీ అన్నది. నా హిందీ అంతా రజియా దగ్గర నేర్చిన గోడ పక్క హిందీ. చేట కింద పెట్టి, ముందు ఎవరు అని అడిగాను. ఏ ఊరు అని అడిగాను. మాట్లాడగలదా అని అడిగాను. గనిలో ఏమీ కాలేదట. వసతి గృహం ముందు మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంటే జారిపడిందట. తుంటి ఎముక విరిగింది. నొప్పికి సూదిమందు ఇచ్చారు, మగతలో ఉంది, ఆపరేషన్ చెయ్యాలి. ఆమె చేతి సంచి గదిలోనే ఉండిపోయింది.

తర్వాత ఆ పిల్ల అడిగింది, మీరు ఆమెకు ఏమవుతారు అని. కాగితంలో మకాన్ మాల్కిన్ అని ఉందట, అంటే ఇంటి యజమానురాలు. జబ్బుల సంగతి ఇంటివాళ్ళతోనే మాట్లాడాలని రూలు ఉంది, ఇంటివాళ్ళ నంబరు ఇవ్వండి అన్నది. వాళ్ళ అన్న నంబరు నా దగ్గర లేదు. ఆపరేషన్ బల్ల ఎదురుచూస్తున్నది.

"మై ఉన్‌కీ బడీ బహెన్ హూఁ" అన్నాను. అక్కను అన్నాను.

ఆ పిల్ల సరే అక్కా చెప్పండి అన్నది. ఏ జబ్బులున్నాయి, ఏ మందులు పడవు అని అడిగింది. అప్పటికి నా భర్త లేచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. అరచెయ్యి ఊపుతున్నాడు. "రోగం ముచ్చట చెప్పకు. పైసలు ఆపుతరు" అని గుసగుసలాడాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన బతుకంతా నేర్చుకున్నది అదే. నేను ఆయన వైపు వీపు తిప్పాను. బీపీ ఉంది అన్నాను. బియ్యం డబ్బా దగ్గరికి ఫోన్ తీగ అందేది కాదు. ఆయన్నే తెమ్మన్నాను. ఆయన గొణుక్కుంటూనే కాగితం తెచ్చి ఇచ్చాడు. గోలీ పేరు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివాను. అంతకుముందు ఏడు ఇక్కడ జ్వరానికి వేసుకున్న ఒక గోలీకి ఆమె ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. రాత్రీ పగలూ తడిబట్టలు వేసింది నేనే. ఆ గోలీ జాతి పేరు సల్ఫా అని ఆమె తర్వాత కాగితం అంచున రాసి పెట్టింది. అది కూడా చదివాను. ఆ పిల్ల తిరిగి చదివి వినిపించింది, అవును అన్నాను. నా మాట ఆ డాక్టర్ల అక్కరకు వచ్చిందో, వాళ్ళే అన్ని పరీక్షలూ చేసుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోన్ పెట్టేసి, గుడ్డ కప్పి, అప్పుడు ఏడ్చాను. నా భర్త చేట తీసుకొని మిగిలిన నూకలు చెరిగాడు. చెరగడం ఆయనకు రాదు. సగం కింద పోశాడు.

బీమా వాళ్ళే ఆమెను చక్రాల కుర్చీలో హైదరాబాద్ దాకా తెచ్చి దించారు. అక్కడినుంచి వాళ్ళ అన్న ఇంటికి తీసుకుపోయాడు. ఆమె మా దగ్గరికి రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజులు ఎట్లా గడిచాయో రాయడం నాకు రాదు. పక్క పోర్షన్ తాళం చూసినప్పుడల్లా, లోపల రాళ్ళు ఒంటరిగా ఉన్నాయని అనిపించేది. వారానికోసారి తాళం తీసి వాటి మీద దుమ్ము దులిపేదాన్ని. ఒకసారి ఎవరూ లేనప్పుడు ఒక రాయిని నాలుకతో తాకించి చూశాను. నిజంగానే ఉప్పగా ఉంది.

కాలేజీ తెరిచే ముందు కారు వచ్చింది. ముందు దిగింది వాళ్ళ అన్న. తెల్ల చొక్కా, పెద్దమనిషి. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"మా చెల్లెకు అక్కవు నువ్వేనా?" అన్నాడు. "మా అమ్మ మాకు చెప్పనేలేదు, ఇంకో బిడ్డను కన్నట్టు."

గల్లీ ఆడవాళ్ళందరూ గడపల్లో నిలబడ్డారు. అబద్ధం ఆడినదాన్నే కదా. బీమా వాళ్ళతో ఆడితే ఏమి, ఎంత దూరంలో ఆడితే ఏమి, అది తిరిగి ఇంటి ముందుకు వచ్చింది. అప్పుడు కారు వెనక తలుపు తెరుచుకుంది. ముందు కర్ర బయటికి వచ్చింది, తర్వాత ఒక కాలు. ఆమె అన్న వైపు చూడలేదు.

"అక్కా, జర చెయ్యి పట్టు" అన్నది.

నేను పోయి పట్టుకున్నాను. చెయ్యి చాలా తేలికైంది, భుజం ఎముకలు తగిలాయి. అరుగు దాకా నడిపించాను. వాళ్ళ అన్న పెట్టెలు దించి, చాయ్ కూడా తాగకుండా పోయాడు. ఆ అబద్ధం గురించి మేమిద్దరం ఆనాడు గానీ తర్వాత గానీ ఒక్క మాట అనుకోలేదు. కానీ ఆ రోజు నుంచి నాకు ఏమండీ పోయింది. గల్లీలో ఇంకెవరికీ వరస రాలేదు. పాలాయన ఏమండీగానే మిగిలిపోయాడు. రజియా కూడా ఏమండీనే. నా ఒక్కదానికే వచ్చింది అక్క.

ఆ తర్వాత కూడా ఆమె రెండు మూడు దేశాలు తిరిగింది, కర్రతోనే. ఒక ప్రయాణం ముందు అరుగు మీద కూర్చొని, కర్ర కొసతో చాలాసేపు నేల గీకింది. యూనివర్సిటీలో కొత్త రూలు పెట్టారట. ఆపదలో ఫోన్ చెయ్యవలసింది సొంత కుటుంబం వాళ్ళకే, వరస రుజువు చూపాలి. "రక్తం అడుగుతున్నారు అక్కా" అన్నది. వాళ్ళ అన్న నంబరు రాసిందట. మంచిదే కదా అన్నాను. మంచిదే అన్నది. నాకు ఒక బరువు దిగినట్టు ఉండాలి. ఇంట్లోకి పోయి నీళ్ళ బిందె సర్దాను, సర్దిన బిందెనే మళ్ళీ సర్దాను. అయినా ఆమె పోయే ముందు పాఠం అప్పజెప్పించడం మానలేదు. నేను కూడా అప్పజెప్పడం మానలేదు. ఇద్దరికీ తెలుసు, ఆ ఫోన్ ఇంక మా ఇంటికి రాదని.

రాష్ట్రం వచ్చే ముందు ఏడు ఆమె రిటైరై హైదరాబాద్ పోయింది, వాళ్ళ అన్న ఇంటికే. రాళ్ళన్నీ కాలేజీకి ఇచ్చేసింది. పోయిన కొత్తలో ఫోన్ చేసేది. టీవీ మీది ఫోన్ అప్పటికే పోయింది, నా సెల్లుకు చేసేది. అక్కడ అరుగు లేదని, పొద్దుపోదని, పాలు ప్యాకెట్లలో వస్తాయని చెప్పేది. రాను రాను వినికిడి తగ్గింది. నేను ఒకటి చెబితే ఒకటి వినేది. తర్వాత ఫోన్లు రాలేదు. నేను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. పెద్దవాళ్ళు కదా, ఫోన్ ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటారని అనుకున్నాను. రాష్ట్రం వచ్చిననాడు ఊరంతా రంగులు చల్లుకుంటుంటే, ఆమె ఇక్కడ ఉంటే కర్ర పట్టుకొని అరుగు మీద నిలబడి చూసేది కదా అనుకున్నాను. పోయి ఒకసారి చూసి రావాలని కూడా అనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను.

ఆ ఏడే ఒకరోజు పెద్దపల్లి స్టేషన్‌లో బండి కోసం కూర్చుంటే, ఆమెతోపాటు కాలేజీలో పనిచేసిన సారు ఒకాయన నన్ను గుర్తుపట్టి వచ్చాడు. మంచీ చెడూ అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "మేడం దినాల కార్యానికి మేం కాలేజోల్లం అందరం పోయినం. మీరు కనబడలేరు" అన్నాడు.

ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మే మనిషి అరుస్తున్నాడు. నేను సంచి ఒళ్ళోకి తీసుకున్నాను. ఆయన నా మొహమే చూస్తున్నాడు. నాకు తెలియదని అంటే, ఆయన వాళ్ళ అన్నను తిడతాడు, నన్ను అయ్యో అంటాడు. ఆ అయ్యో నాకు వద్దనిపించింది.

"ఫోనొచ్చింది సారూ. కాళ్ళు బాగలేకుండె, రాలేకపోయిన" అన్నాను.

"అదే అనుకున్న. మీకు చెయ్యకుంట ఇంకెవరికి చేస్తరు" అన్నాడాయన.

బండి వచ్చింది, ఆయన పెట్టె వేరే, నా పెట్టె వేరే. ఆమె దేనితో పోయిందో, ఆఖర్న ఎవరు పక్కన ఉన్నారో, దవాఖాన వాళ్ళకు ఆ సల్ఫా సంగతి ఎవరన్నా చెప్పారో లేదో, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సారు అప్పుడప్పుడూ బజార్లో కనబడతాడు. ఫోనొచ్చిందని చెప్పినదాన్ని, ఇవన్నీ ఆయనను ఎట్లా అడుగుతాను?